పన్నెండో తరగతి కాపురం

(మేడ మీద చీకటి. రాత్రి పదకొండు దాటింది. పరమేశం టెలిస్కోప్‌కు అతుక్కుపోయి ఉన్నాడు. దుప్పటి కప్పుకుని, టార్చి వేసుకుని కామేశ్వరి మెట్లెక్కి వచ్చింది. పెళ్లయి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. వీళ్లు మొదటిసారి వాదించుకున్నది పీటల మీదే అని ఆనాడు చూసినవాళ్లు చెబుతారు.)

పరమేశం: టార్చి ఆర్పు! కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పట్టింది.

కామేశ్వరి: మెట్లు కనపడక నేను పడితే లేవడానికి ఆరు నెలలు పడుతుంది. మూడు రాత్రులుగా ఆ గొట్టంలో ఏం చూస్తున్నారండీ?

పరమేశం: యూవీ సెటీ. తిమింగలం అనే నక్షత్ర మండలంలో టౌ సెటీ అని మామూలు కంటికే కనిపించే నక్షత్రం ఉంది. దానికి నైరుతి దిక్కున, రెండు డిగ్రీలకు కాస్త పైన. జంట నక్షత్రాలు. రా, చూడు. గొట్టాన్ని మాత్రం ముట్టుకోకు.

కామేశ్వరి: (వంగి) ఇసుక చల్లినట్టుంది. ఇందులో ఏది?

పరమేశం: సరిగ్గా నడుమనున్న మసక చుక్క. మన కంటికి ఆరో తరగతి వరకే ఆనుతుంది. ఇది పన్నెండో తరగతి.

కామేశ్వరి: పన్నెండుకు వస్తే ఇంకా వెలగాలిగా?

పరమేశం: నక్షత్రాల లెక్కలో తరగతి పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది.

కామేశ్వరి: మన అబ్బాయి చదువులాగా.

పరమేశం: ఒక్కో తరగతికి రెండున్నర రెట్ల చొప్పున. ఆరు తరగతులంటే కంటికి ఆనే ఆఖరి చుక్క కంటే రెండు వందల యాభై రెట్లు మసక!

కామేశ్వరి: అంత గొప్పగా చెబుతున్నారేమిటి, మీరే మసకబార్చినట్టు? సరే, జంట అన్నారు. రెండోది ఏది?

పరమేశం: అందులోనే ఉంది. విడిగా కనపడవు. కిలోమీటరు అవతల నిలబడి నేను చిటికెన వేలు చూపిస్తే దాని గోరు ఎంత ఉంటుందో, వాటి మధ్య ఎడం మనకు అంతే.

కామేశ్వరి: మీరు కిలోమీటరు అవతల ఉంటే నేను హాయిగా నిద్రపోతాను కానీ మీ గోరు కోసం వెతకను. అయితే చాలా దూరంలో ఉన్నాయన్నమాట.

పరమేశం: దూరమా! 8.7 కాంతి సంవత్సరాలు. నక్షత్రాల్లో అంటే పక్కింటివాళ్ల కింద లెక్క.

కామేశ్వరి: పక్కింట్లో ఉండి కనపడకపోవడమేమిటి?

పరమేశం: దీపం చిన్నది. రెండూ ఎర్ర మరుగుజ్జులు. ఒక్కోటి సూర్యుడి వెడల్పులో ఆరో వంతు. వేడి 2,800 కెల్విన్లు. సూర్యుడిది దాదాపు 5,800.

కామేశ్వరి: వేడి సగం ఉంది కాబట్టి వెలుగూ సగం ఉండాలిగా.

పరమేశం: అక్కడే పప్పులో కాలేశావు. వేడి సగమైతే చదరపు మీటరుకు వచ్చే వెలుగు పదహారో వంతుకు పడిపోతుంది. పైగా వెడల్పు ఆరో వంతంటే ఒంటి వైశాల్యం ముప్ఫై ఆరో వంతు.

కామేశ్వరి: ముప్ఫై ఆరు పదహార్లు అయిదు వందల డెబ్బై ఆరు.

పరమేశం: (కాగితం కోసం తడుముకుంటూ) వేడి సగానికి కాస్త తక్కువే కాబట్టి ఇంకాస్త తగ్గించాలి. ఏడు వందల వంతుల్లో ఒక వంతు అనుకో. అందులోనూ ఎక్కువ భాగం పరారుణం, కంటికి పనికిరాదు.

కామేశ్వరి: బరువు ఎంతో?

పరమేశం: ఒక్కోటి సూర్యుడిలో ఎనిమిదో వంతు.

కామేశ్వరి: ఎవరు తూచారు?

పరమేశం: అవే తూచుకున్నాయి! ఒంటరి చుక్కయితే తూచడం కష్టం. జంట కాబట్టే దొరికిపోయాయి. ఒక చుట్టు తిరగడానికి ఇరవై ఆరుంపావు ఏళ్లు. వాటి మధ్య సగటు దూరం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి ఐదున్నర రెట్లు. దగ్గరికొస్తే రెండు, దూరం జరిగితే తొమ్మిది దాకా. ఆ ఐదున్నరను ఘనం చేసి, ఇరవై ఆరుంపావు వర్గంతో భాగించు. కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూత్రం.

కామేశ్వరి: నూట అరవై ఆరు పైచిలుకు... కింద ఆరు వందల ఎనభై తొమ్మిది... పావుకు కాస్త తక్కువ.

పరమేశం: అది రెంటి బరువూ కలిపి, సూర్యుడి లెక్కలో.

కామేశ్వరి: కలిపి చెబితే ఎలాగండీ? ఎవరి వాటా వారికి తేలాలిగా.

పరమేశం: కావడి మోసేవాణ్ణి చూడు. ఒక కుండ బరువైతే భుజం ఆ వైపుకు జరుపుకుంటాడు. ఇవీ అంతే, నడుమ ఒక బిందువు చుట్టూ తిరుగుతాయి. బరువైనది దానికి దగ్గరగా, తేలికది దూరంగా. ఇక్కడ భుజం దాదాపు బద్దకు నడుమనే ఉంది. అందుకే చెరి సగం.

కామేశ్వరి: అంటే ఎవరూ ఎవరి చుట్టూ తిరగడం లేదు?

పరమేశం: లేదు.

కామేశ్వరి: ఈ మాట మీ అక్కయ్యగారికి చెప్పండి. తమ్ముడు పెళ్లాం చుట్టూ తిరుగుతున్నాడని ముప్ఫై ఏళ్లుగా ఆవిడ బాధ.

(పరమేశం, టెలిస్కోప్‌కు కన్ను ఆనించే ఐపీస్ మీద పేరుకున్న మంచును బనియను అంచుతో తుడవబోయాడు. కామేశ్వరి అతని చెయ్యి పట్టుకుని ఆపి, దుప్పటి కొసతో గాలి విసిరింది. ఆ పద్ధతి సరైనదే, కానీ అతను ఒప్పుకోలేదు.)

కామేశ్వరి: ఇంత మసక చుక్కకు మూడు రాత్రుల జాగారమా?

పరమేశం: చుక్క కోసం కాదు, దాని కోపం కోసం. ఉన్నట్టుండి భగ్గుమంటుంది. 1952లో ఇరవై సెకన్లలో 75 రెట్లు వెలిగింది! అయస్కాంత రేఖలు మెలితిరిగి, తెగి, మళ్లీ అతుక్కుంటాయి. ఆ ఊపుకు జ్వాల లేస్తుంది.

కామేశ్వరి: రెండూనా?

పరమేశం: రెండూ. కానీ యూవీ సెటీ అనే పేరు అసలు ఆ జంటలో ఒకదానిదే, దాని కోపం మరీ ఎక్కువ. విచిత్రమేమిటంటే, బరువు దాదాపు ఒకటే, ఒకేసారి పుట్టాయి, రెండూ ఆరు గంటలలోపే తమ చుట్టూ తాము తిరిగేస్తాయి. అయినా ఒకదాని అయస్కాంత క్షేత్రం బలంగా, రెండు ధ్రువాలతో పద్ధతిగా ఉంటుంది. రెండోదానిది బలహీనంగా, చిందరవందరగా ఉంటుంది.

కామేశ్వరి: ఎక్కువ కోపం చిందరవందరదానికేనా?

పరమేశం: కాదు. పద్ధతిగా ఉన్నదానికే.

కామేశ్వరి: నేను మొత్తుకునేదీ అదే. ఇల్లు సర్దేవాళ్లకే కోపం వస్తుంది.

పరమేశం: (మాట మారుస్తూ) ఆయుష్షు మాత్రం మహా ఎక్కువ. లోపలి హైడ్రోజన్‌ను మొత్తం కలియబెట్టుకుంటూ పొదుపుగా కాలుస్తాయి. లక్షల కోట్ల ఏళ్లు.

కామేశ్వరి: లక్షల కోట్ల ఏళ్లు ఒకే మొగుడితోనా! ఏ జన్మలో ఏం చేసుకుందో. ఇంతకీ ఇంత మసకదాన్ని ఎలా కనిపెట్టారు?

పరమేశం: పరుగు వల్ల. 1948లో విలెం లాయ్టెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పక్కపక్కన పెడితే, చుట్టూ ఉన్న చుక్కలు కదలవు, ఇది మాత్రం ఏడాదికి 3.37 కోణీయ సెకన్లు జరుగుతోంది. డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక కోణీయ సెకను.

కామేశ్వరి: ఎటు?

పరమేశం: తూర్పుకు, కాస్త ఉత్తరంగా.

కామేశ్వరి: ఈ పటంలో పెన్సిలుతో చుక్క ఎవరు పెట్టారు?

పరమేశం: నేనే. మా మేష్టారి పాత పట్టికలో ఉన్న స్థానం చూసి.

కామేశ్వరి: ఆ పట్టిక ఎప్పటిది?

పరమేశం: 1950.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో కుక్క మొరిగింది.)

కామేశ్వరి: డెబ్బై అయిదేళ్లనుకుందాం. డెబ్బై అయిదు ఇంటూ మూడున్నరకు కాస్త తక్కువ... రెండు వందల యాభై రెండు సెకన్లు. అరవై సెకన్లకో కోణీయ నిమిషం చొప్పున నాలుగు నిమిషాలు దాటింది. చందమామ వెడల్పులో ఏడో వంతు. ఏమండీ, మూడు రాత్రులుగా మీరు ఎవరినండీ చూస్తున్నది?

పరమేశం: ...పక్కన ఎవరో.

కామేశ్వరి: తూర్పుకు జరపండి.

(జరిపాడు. ముందుదానికన్నా మసకగా, ఎర్రగా ఉందా లేదా అన్నట్టు ఒక చుక్క తగిలింది. పటంలో సరిచూడటానికి కళ్లజోడు కావాలి. అది కింద ఉంది. టార్చి తీసుకుని పరమేశం దిగాడు.)

కామేశ్వరి: (కన్ను ఆనించి) ఏమండీ! ఏమండీ, వెలిగింది!

పరమేశం: (రెండేసి మెట్లు ఎక్కి వచ్చి, చూసి) ఎక్కడ? మామూలుగానే ఉంది.

కామేశ్వరి: ఇప్పుడు మామూలే. ఇందాక పక్కనున్నదాన్ని మించిపోయింది. ఒక్క నిమిషం అలా ఉండి దిగిపోయింది.

పరమేశం: టార్చి వెలుగు పడి ఉంటుంది.

కామేశ్వరి: టార్చి మీ చేతిలోనే ఉంది.

పరమేశం: (పుస్తకం తీసి, చాలాసేపటికి) టైమెంత?

కామేశ్వరి: పదకొండు నలభై రెండు. చూసినవారి పేరు రాయండి.

పరమేశం: ‘మేము’ అని రాస్తాను.

కామేశ్వరి: మీరు అప్పుడు మెట్ల మీద ఉన్నారు.

పరమేశం: అది కూడా రాయాలా?

కామేశ్వరి: రాయండి. ఎన్నో మెట్టో కూడా.