గపున్ తన భాషను వదులుకుందా, పోగొట్టుకుందా?

(పాపువా న్యూగినీలో సెపిక్, రాము నదుల దిగువన, చిత్తడి అడవి మధ్య గపున్ అనే చిన్న ఊరుంది. తాయప్ అనే భాష ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క ఊరిదే. ఇప్పుడు అక్కడి పిల్లలు దాన్ని మాట్లాడటం లేదు. దీని మీద ఒక అక్కాతమ్ముళ్ల వాదన ఇది. అక్క తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. తమ్ముడు ఏజెన్సీ ప్రాంతంలో ప్రభుత్వ డాక్టరు.)

తమ్ముడు: అక్కా, భాష గురించి బాధపడే ముందు ఆ ఊరు ఎక్కడుందో చూడు. తూర్పు సెపిక్ ప్రావిన్స్‌కి ముఖ్యపట్టణం వెవాక్. అక్కణ్నుంచి గపున్ దాకా రోడ్డు లేదు. మోటారు పడవలో కొంత దూరం, మడ అడవుల మధ్య సన్నటి కాలువల్లో ఇంకొంత, చివరికి బురదలో నడక. అలాంటి చోట ఒకామెకి కాన్పు కష్టమైతే నర్సుతో ఏ భాషలో చెప్పుకోవాలి? నర్సుకి తాయప్ రాదు. టోక్ పిసిన్ వస్తుంది. దేశంలో ఏ మూలకెళ్లినా పనికొచ్చే భాష అది. తల్లులు పిల్లలకి అదే నేర్పుకుంటున్నారు. తప్పేముంది?

అక్క: టోక్ పిసిన్ వద్దని నేనెక్కడన్నానురా? అది రావాలి, బాగా రావాలి. అది వస్తే తాయప్ పోవాలని ఎవరు చెప్పారు, అదీ నా ప్రశ్న. గపున్ వాళ్లు ఏనాడూ ఒక్క భాషతో బతికినవాళ్లు కాదు. చుట్టుపక్కల ఊళ్ల భాషలు వేరు, తాయప్‌కి వాటితో చుట్టరికమే లేదు. తమ భాష బయటివాళ్లెవరూ నేర్చుకోరని తెలిసి, వీళ్లే వాళ్ల భాషలు నేర్చుకునేవారు. మూడు నాలుగు భాషలు వచ్చిన ముసలివాళ్లున్న ఊరు, కొత్తగా ఒకటి రాగానే సొంతది ఎందుకు జారవిడుచుకుంది?

తమ్ముడు: అవసరం తీరిపోయింది కాబట్టి. ఒక్కో పొరుగూరితో ఒక్కో భాష కావాల్సి వచ్చిన రోజుల్లో నాలుగూ నిలిచాయి. అందరికీ తెలిసిన భాష ఒకటి వచ్చాక మిగతావాటితో పనేముంది? ఇందులో ఎవరి కుట్రా లేదు.

అక్క: పొరుగూరి భాషలకి ఆ లెక్క సరిపోతుంది. ఇంట్లో మాట్లాడే భాషకి సరిపోదు. తల్లి పిల్లని పిలవడానికి పొరుగూరి అవసరంతో పనేంటి? అది ఎలా మొదలైందో చూడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ఊరి మగవాళ్లు దూరాన కొబ్బరి తోటల్లో కూలికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఇనప సామాను, బట్టలతో పాటు టోక్ పిసిన్ తెచ్చారు. అది బయటి ప్రపంచాన్ని చూసొచ్చిన మగవాడి గుర్తయింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, జపాన్ సైన్యం, అడవిలోకి పారిపోవడం, రోగాలు, చావులు. ఆ తర్వాత చర్చి. తెలివి, పెద్దమనిషి తరహా, దేవుడు, డబ్బు అన్నీ టోక్ పిసిన్ పక్కకి చేరాయి. తాయప్ పక్కన మిగిలింది ఆడవాళ్లు, కోపం, మొండితనం. 1985లో మొదటిసారి అక్కడికెళ్లి, ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లిన మానవశాస్త్రవేత్త డాన్ కులిక్ తేల్చింది ఇదే.

తమ్ముడు: అంటే ఆడవాళ్ల వల్ల పోయిందంటావా?

అక్క: కాదురా, ఆడవాళ్ల మీదకి తోశారంటున్నాను. అక్కడ ఒకామెకి కోపమొస్తే ఇంట్లోంచే ఊరంతా వినపడేలా తిడుతుంది. పేరు పెట్టి, వంశం ఎత్తి, నోటికొచ్చిన బూతులన్నీ. దాన్ని 'క్రోస్' అంటారు. మగవాళ్లు ఆచార గృహంలో కూర్చుని, మనమంతా ఒక్కటే, గొడవలొద్దు అని టోక్ పిసిన్ కలిపి శాంతంగా మాట్లాడతారు. చూసే పిల్లలకి ఏది ఎదుగుదలగా కనిపిస్తుంది? పసిబిడ్డ నోట వచ్చే మొదటి చప్పుళ్లకి కూడా పెద్దలు 'నేను పోతున్నా', 'నాకు విసుగొచ్చింది' అనే అర్థమే తీస్తారట. బిడ్డ పుట్టుకతోనే మొండిదని వాళ్ల నమ్మకం. ఆ మొండితనాన్ని వంచడానికి తల్లి తాయప్‌లో ఒకసారి చెప్పి, వినకపోతే అదే మాట టోక్ పిసిన్‌లో చెబుతుంది. వినాల్సిన మాట ఏ భాషలో వస్తుందో పిల్లకి అర్థమైపోతుంది.

తమ్ముడు: ఇది బాగుంది. కానీ సెపిక్ జనం తమకేం కావాలో తెలియనివాళ్లు కాదక్కా. ఆ నది పైభాగంలో, ఫ్రీడా నది దగ్గర పెద్ద రాగి, బంగారు గని తవ్వుతామన్నారు. గని మురికిని ఆనకట్ట వెనక నిలవ చేస్తామన్నారు. 2020లో నది పొడవునా 28 ఆచార గృహాల పెద్దలు కలిసి, మా నది జోలికి రావద్దని ప్రకటన చేశారు. అంత గట్టిగా వద్దనగలిగిన ప్రాంతంలో, గపున్ వాళ్లు తమ భాష కోసం నోరెత్తలేదంటే దానర్థం ఏమిటి? వాళ్లకి అది అంత ముఖ్యం కాదని.

అక్క: నది సంగతి తేల్చడానికి వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. తాయప్ సంగతి తేల్చడానికి ఎప్పుడు కూర్చున్నారు? ఏ సభలోనూ, ఏ ఇంట్లోనూ 'ఇక తాయప్ వద్దు' అని ఎవరూ అనలేదు. అడిగితే పెద్దలు ఏమన్నారో తెలుసా? మేం నేర్పుతూనే ఉన్నాం, పిల్లలే మొండివాళ్లు, మాట్లాడరు అని. కులిక్ మొదట వెళ్లినప్పుడు తాయప్ మాట్లాడేవాళ్లు దాదాపు 90 మంది, కానీ పదేళ్లలోపు పిల్లలెవరూ మాట్లాడటం లేదు. తర్వాత ఊరు 200 దాకా పెరిగితే మాట్లాడేవాళ్లు 50కి పడిపోయారు. ఎవరూ నిర్ణయించని దాన్ని నువ్వు ఎంపిక అంటున్నావు.

తమ్ముడు: నిర్ణయం కాకపోయినా ఆశ ఉంది కదా. మంచి బతుకు మీద ఆశ. తాటిలాంటి సాగో చెట్టు నుంచి పిండి తీయడానికి రోజంతా కష్టపడే తల్లి సంగతి ఆలోచించు. చెట్టు కొట్టాలి, మానులోని మెత్తటి బెండు దంచాలి, నీళ్లు పోసి పిసికి వడకట్టాలి, అడుగున పేరుకున్న పిండిని ఇంటికి మోయాలి. వేడినీళ్లు పోసి కలిపితే సగ్గుబియ్యం జావలా జిగురుగా తయారవుతుంది. ఆకుకూరో చేపో దొరికితే దాంతో తింటారు. ఆ తల్లి తన పిల్లకి ఇంకో బతుకు కోరుకుంటే ఏ నోటితో కాదంటావు?

అక్క: కాదనను. ఆ ఆశకి బదులుగా ఏం దక్కిందో అడుగుతాను. డబ్బొస్తుందంటే కోకో వేశారు, వెనిలా వేశారు. కొనేవాళ్లు ఆ బురద దాటి రారు. 1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, గపున్‌కి రోడ్డు రాలేదు. భాష పోయింది, దాని బదులు వస్తుందనుకున్నది రాలేదు. నాకు కడుపు మండేది అక్కడే. ఆరువేల ఏళ్ల కిందట సముద్రం లోపలిదాకా ఉన్నప్పుడు ఆ చోటు ఒక ద్వీపమట. తాయప్ ఒంటరి భాష కావడానికి అదే కారణమై ఉండొచ్చు. అంతకాలం నిలిచింది రెండు తరాల్లో చేజారింది.

తమ్ముడు: పూర్తిగా పోలేదులే. 2019లో కులిక్, భాషాశాస్త్రవేత్త ఆంజెలా టెరిల్ కలిసి తాయప్ వ్యాకరణం, నిఘంటువు అచ్చువేశారు.

అక్క: మంచి పని, కాదనను. కానీ మన గిడుగు రామమూర్తి గారు సవరలకి నిఘంటువు రాసి ఊరుకున్నారా? సవర పిల్లలకి వాచకాలు రాశారు, చేతి డబ్బుతో బడులు పెట్టారు.

తమ్ముడు: ఆ దారీ వాళ్లు చూశారక్కా. 1990ల్లో తొలి తరగతులు ఊరి భాషలోనే చెప్పాలన్నారు. సుమారు 840 భాషల దేశం. అన్నిటికీ టీచర్లెక్కడ, పుస్తకాలెక్కడ? 2013లో మళ్లీ ఇంగ్లీషుకి మళ్లారు. రెండొందల మంది ఊరికి ఏ ప్రభుత్వం పుస్తకాలు వేస్తుంది?

అక్క: బడి చేయలేకపోయిందని ఒప్పుకుంటాను. కానీ కులిక్ చూసిన ఇంకో సంగతి విను. కుర్రాళ్లని పక్కకి పిలిచి, తాయప్‌లో ఒక కథ చెప్పమంటే చాలామంది చెప్పారు. తడుముకుంటూనే చెప్పారు, కానీ ఆ కష్టమైన క్రియారూపాలు కూడా చాలావరకు సరిగ్గా వచ్చాయి. వాళ్లకి భాష వచ్చు. మాట్లాడరు, ఎందుకంటే ఒక్క ముక్క తప్పు పలికితే పెద్దలు ఎగతాళి చేస్తారు. సిగ్గుతో నోరు మూసుకుని టోక్ పిసిన్‌లోకి వెళ్లిపోతారు.

తమ్ముడు: ఇది నాకు తెలియదు. మా ఆసుపత్రికొచ్చే గిరిజన పిల్లలూ తెలుగు తప్పు పలికితే నవ్వుతారని నోరు విప్పరు. అయితే, పెద్దలు నవ్వడం మానేస్తే సరిపోతుందంటావా?

అక్క: సరిపోతుందని అనను. కానీ దానికి వెవాక్ నుంచి ఎవరూ పడవేసుకుని రానక్కర్లేదు.

తమ్ముడు: నా పడవ మాత్రం రావాల్సిందే. నర్సు, మందులు, వెనిలా కొనే షావుకారు. అవి అందకుండా తాయప్ నిలిచినా, ఆ ఊరి కుర్రాళ్లు పాతికేళ్లొచ్చేసరికి వెవాక్ దారి పడతారు. అక్కడ తాయప్‌లో పలకరిస్తే బదులిచ్చేవాడుండడు.

అక్క: పడవ తెప్పించు, నేనూ నీ వెనకే నిలబడతాను. అది దిగిన రోజున, ఊళ్లోకి రావాలంటే తాయప్ వదిలేసి రావాలని మాత్రం ఎవరిచేతా అనిపించకు.