పండక్కి వస్తే మా పిల్లి మీకు కనిపించదు, ఏమనుకోకండి

చుట్టాలందరికీ ముందే చెప్తున్నా. మా పిల్లి పేరు మసి. అది లోపలి గదిలో ఉంటుంది, తలుపు వేసి ఉంటుంది. "ఒక్కసారి చూసి వచ్చేస్తాం" అని ఆ తలుపు తీయొద్దు. కిందటేడు మొహమాటానికి పోయి అనుభవించాను.

మసిని దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్నప్పుడు దానికి 4 ఏళ్లు. వచ్చినవాళ్లంతా పిల్లకూనల దగ్గరే మూగారు, ఇది గోడవైపు తిరిగి కూర్చుంది. కుదురుకోవడం గురించి షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతుంటారు: బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి తీరు తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. మసి ఐదో నెలలో గానీ నా ఒళ్లోకి రాలేదు. అందుకే పండగ సర్‌ప్రైజ్ అంటూ పిల్లిని తెచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటినిండా జనం, గోల. వారం తిరక్కుండానే "ఇది మాతో కలవట్లేదండీ" అని వెనక్కి ఇచ్చేస్తారు. సెలవు పెట్టుకుని ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉంటానంటారా, అప్పుడు తెచ్చుకోండి, అంతకన్నా మంచి సమయం లేదు.

కిందటేడు సంగతి చెప్పాలి. ఎవరో సామాన్లు లోపలికి తెస్తూ వీధి తలుపు వేయలేదు, అదే సమయానికి బయట టపాసులు మొదలయ్యాయి. శబ్దం ఎంత సన్నగా, కీచుగా ఉందో కొలిచే లెక్కలో మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పిల్లి చెవి 60 దాటి వింటుంది. ఆ మోతకి దాని గుండె ఎలా అదిరిందో! అది బయటికి పారిపోతే రెండు రాత్రులు టార్చి పట్టుకుని వీధులన్నీ తిరిగాను. చివరికి మా మెట్ల కిందే దొరికింది. బెదిరిన పిల్లి చాలాసార్లు ఇంటి దగ్గర్లోనే నక్కి ఉంటుందని నాకు అప్పుడు తెలీదు. ఆ వారమే దాని చర్మం కింద మైక్రోచిప్ వేయించాను. అది జీపీఎస్ కాదు, 15 అంకెల నంబరు, అంతే. మీ ఫోన్ నంబరు మారితే ఆ చిప్ నంబరు రిజిస్టరు చేసిన చోట కూడా మార్పించుకోవాలి.

ఒళ్లంతా వణుకుతున్న దాన్ని చూసి మా బాబాయి "సగం పారాసిటమాల్ వెయ్యమ్మా, తగ్గిపోతుంది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ పిల్లి కాలేయం ఆ మందుని అరిగించుకోలేదు, సగం మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు.

అన్నిటికంటే నాకు టెన్షన్ బొకేలతోనే. వాటిలో పెట్టే పెద్ద రేకుల లిల్లీలు పిల్లికి విషం. తినక్కర్లేదు, ఒంటిమీద పడిన పుప్పొడిని నాకినా, కుండీలో నీళ్లు తాగినా కిడ్నీలు పోతాయి. అలా జరిగిందని అనుమానం వస్తే వాంతులయ్యేదాకా చూడకండి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. గిఫ్టుల మీది రిబ్బన్లూ అంతే. పిల్లి మింగిన దారం కొస వెనకనుంచి వేలాడుతున్నా చేత్తో లాగకూడదు, లోపల పేగులు కోసుకుపోతాయి.

కాబట్టి బొకే తెస్తే బయటే పెట్టి, తలుపు వేసి రండి. మసిని చూడాలనుంటే నా ఫోన్లో ఫొటోలు బోలెడున్నాయి, విసుగొచ్చేదాకా చూపిస్తాను.