ఆపరేషన్‌కు కార్డుంది, బీపీ మాత్రకు లేదు

గుండెకు బైపాస్ చేయించుకోవాలంటే తెలుగు రాష్ట్రాల్లో పేదవాడికి ఒక దారి ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని ఆ పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్తే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర పని మొదలవుతుంది. అదే మనిషి బైపాస్ దాకా రాకుండా ఉండాలంటే పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో రోజూ బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకోవాలి. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఉచితమే. కాకపోతే కూలి మానుకుని వెళ్లిన రోజున స్టాకు లేదనో, పది రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మనో అంటే రెండోసారి వెళ్లేవాళ్లు తక్కువ. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేస్తారు. ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోతాయి. అప్పుడు కార్డు పనికొస్తుంది.

మన దేశంలో వైద్యానికి ప్రభుత్వం పెట్టే డబ్బు చాలదన్నది పాత మాటే, నిజమైన మాటే. దాంతోపాటు చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఉన్న కొద్ది డబ్బులోనూ ప్రభుత్వాలు ఉత్సాహంగా ఖర్చు పెట్టేది, పార్టీలు పోటీపడి పెంచేది జబ్బు ముదిరాక అయ్యే ఖర్చునే. డబ్బున్న దేశమైతే ఆ తప్పు భరించగలదేమో. మనం భరించలేం.

ముందు లెక్కలు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రకారం 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం. కోవిడ్ టీకాలు వేసిన ఏడాది పరిస్థితి అది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఆ ఏడాది తలకు 3,169 రూపాయలు ఖర్చు పెట్టాయి, అంటే రోజుకు తొమ్మిది రూపాయలు కూడా కాదు. పెద్దాస్పత్రులు, జీతాలు, టీకాలు, మందులు, బీమా, దోమల మందు అన్నీ అందులోనే.

మరో లెక్కను ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంటుంది. మొత్తం వైద్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22కి 39.4 శాతానికి తగ్గింది. మంచిదే. అయితే ఆ లెక్క కట్టిన తీరు మీద ఆర్థికవేత్తల్లో వాదనలు ఉన్నాయి. ఇంకో సంగతీ ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకున్నవాడి ఖర్చు కూడా సున్నాయే. జేబు ఖర్చు తగ్గిందంటే వైద్యం అందిందని కాదు. పైగా మామూలు కుటుంబానికి డబ్బు కారిపోయేది ఆపరేషన్ల దగ్గర కన్నా మందుల షాపులో, ల్యాబ్‌లో, ఓపీ ఫీజుల్లో. బీమా కార్డుకు అక్కడ పని లేదు.

ఆరోగ్యశ్రీని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి పిల్లల గుండె ఆపరేషన్లకు సాయం చేస్తూ వచ్చిన అనుభవంలోంచి 2007లో అది పుట్టింది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. దానివల్ల బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా చాలావరకు ఆ బాటలోనే నడిచింది. రాజకీయంగా ఆ పథకానికి ఉన్న విలువ ఎంతంటే, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది కానీ పథకాన్ని ఎత్తేసే సాహసం ఎవరూ చేయలేదు. 2023 డిసెంబరులో ఆంధ్రలో ఉచిత వైద్యం ఖర్చు పరిమితిని 25 లక్షలకు పెంచారు. అదే నెలలో తెలంగాణలో కొత్త ప్రభుత్వం 5 లక్షలను 10 లక్షలు చేసింది.

పరిమితి పెంచడానికి ఒక జీవో చాలు. బిల్లు కట్టడానికి డబ్బు కావాలి. అందుకే రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికోసారైనా ఒకే వార్త చదువుతాం: బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆస్పత్రుల సంఘం సేవలు ఆపేస్తానంటుంది, మంత్రి చర్చలకు పిలుస్తాడు, కొంత డబ్బు విడుదలవుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా కథ ఇదే. నిధుల కొరత బడ్జెట్ పుస్తకంలో కనిపించకుండా బకాయిల రూపంలో దాక్కుంటుంది. చివరికి అది రోగి ముందుకే వస్తుంది. 'బెడ్లు ఖాళీ లేవు', 'ఈ టెస్టు కార్డులో రాదు', 'ముందు డిపాజిట్ కట్టండి' అని కౌంటర్‌లో వినిపించే మాటల వెనక చాలాసార్లు ఉండేది సచివాలయంలో ఆగిన ఫైలే.

ప్రభుత్వాలు ఇలా ఎందుకు చేస్తాయన్నదానికి జవాబు కష్టం కాదు. ఆపరేషన్ అయినవాడికి పేరుంది, ఫొటో ఉంది, ఓటుంది. తాను బతికింది ఎవరివల్లో అతనికి తెలుసు. బీపీ అదుపులో ఉండటం వల్ల పక్షవాతం రాని మనిషికి తాను తప్పించుకున్న సంగతే తెలియదు. పైపులైను మార్చినందువల్ల డయేరియా రాని వీధి ఎవరికీ కృతజ్ఞతలు చెప్పదు. రాని జబ్బుకు లబ్ధిదారు ఉండడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. కొబ్బరి, జీడి తోటల నేల అది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. మామూలుగా కిడ్నీలు పాడవడానికి షుగర్, బీపీ పెద్ద కారణాలు. ఇక్కడ అవేవీ లేని, పొలం పని చేసుకునే మనుషులకు కూడా వస్తోంది. నీళ్లా, ఎండలో పనిచేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడమా, పురుగుమందులా, జన్యువులా అన్న అనుమానాలన్నీ ఉన్నాయి, ఏదీ తేలలేదు. ప్రపంచంలో ఇలాంటి చోట్లు మధ్య అమెరికాలో, శ్రీలంకలో కూడా ఉన్నాయి.

ఉద్దానానికి ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అబద్ధం. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల ద్వారా తాగునీళ్లిచ్చే 700 కోట్ల పథకాన్నీ అప్పుడే మొదలుపెట్టారు. ఇవన్నీ అవసరమైనవే. కానీ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ మీద పడుకునే మనిషికి, అతన్ని తీసుకొచ్చే ఇంటిమనిషికి పెన్షన్ ఎంత ఇచ్చినా పోయిన కూలి తిరిగి రాదు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఒకటిన్నర దగ్గరున్నప్పుడు పట్టుకుంటే ఆ మిషన్‌ను ఏళ్లపాటు వెనక్కి నెట్టొచ్చు. ఆ పరీక్ష ఖరీదైనది కాదు. ప్రతి ఇంటినీ ఏటా పరీక్షించి, అదే మనిషి ఫలితాన్ని పదేళ్లపాటు వరుసగా రాసే యంత్రాంగం మాత్రం కావాలి. నది నీళ్లు వచ్చాక జబ్బు తగ్గిందో లేదో చెప్పాలన్నా ఆ రిజిస్టరే ఆధారం. 700 కోట్ల పథకం పనిచేసిందో లేదో తేల్చడానికి కావాల్సింది కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, ఊళ్లలో తిరిగే నర్సులు (ఏఎన్‌ఎంలు), జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కతేల్చే ఒక ఎపిడెమియాలజిస్టు, అంతే. మన వ్యవస్థలో ఎప్పుడూ ఖాళీగా కనిపించే పోస్టులూ అవే.

ఇంతకీ పల్లెలో జ్వరం వస్తే మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆర్‌ఎంపీ దగ్గరికి, అంటే డాక్టరు డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి దగ్గరికి. అతను రాత్రి పదింటికైనా వస్తాడు, అప్పు పెడతాడు, సెలైన్ ఎక్కిస్తాడు. అతన్ని తిట్టడం తేలిక. అతను నింపుతున్న ఖాళీ మాత్రం ప్రభుత్వం వదిలేసినది. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ అన్నది ప్రమాణం. పైన ఉండే సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో (సీహెచ్‌సీల్లో) సర్జన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టర్, ఫిజీషియన్ ఉండాలి. కేంద్రం ప్రచురించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలో గ్రామీణ సీహెచ్‌సీలకు కావాల్సిన ఈ స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం లేరు. బోర్డు ఉంది, భవనం ఉంది, మనిషి లేడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఫొటో చూసి రోడ్డు లేదని బాధపడతాం. రోడ్డు దాకా వచ్చాక దొరికేదేమిటన్న ప్రశ్న ఆ ఫొటోలో పడదు.

ప్రభుత్వం ఖాళీ చేసిన చోటును మార్కెట్ తన పద్ధతిలో నింపుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. అదే సర్వేలో అక్కడి ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. కత్తి అందుబాటులో ఉంది, ఐరన్ మాత్ర మింగించే మనిషి లేదు.

చవకైన పని ఎంత ఫలితమిస్తుందో తెలియక ఇలా జరుగుతోందా అంటే, అదీ కాదు. రుజువులు మన దేశంలోనే ఉన్నాయి. ప్రపంచ టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దగ్గరే ఉన్నారు. 2025 నాటికి టీబీని అంతం చేస్తామని ప్రకటించాం, చేయలేకపోయాం. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు తిండి దినుసులు, విటమిన్లు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. అలా ఇచ్చిన ఇళ్లలో మిగతావాళ్లకు టీబీ సోకడం 39 శాతం తగ్గింది. మందు కాదు, టీకా కాదు. బియ్యం, పప్పు లాంటివి. ఆ తర్వాతి ఏడాదే, 2024 మొదట్లో, చాలా రాష్ట్రాల్లో టీబీ మందులకే కొరత వచ్చింది. టీబీకి మధ్యలో మందు ఆగితే మొండి టీబీగా మారే ప్రమాదం ఉందని నర్సింగ్ చదివే పిల్లకైనా తెలుసు.

బీపీ విషయంలోనూ అంతే. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో విశేషమేమీ లేదు: అందరికీ ఒకే మందుల జాబితా, ప్రతి రోగికీ ఒక కార్డు, రాకపోతే ఫోను, నెలకు సరిపడా మాత్రలు. ఇంత మామూలు పనికీ ఫలితం వచ్చింది. ఇలాంటివి అధికారి మారితే నీరసించకుండా, బడ్జెట్‌లో వాటి పద్దు వాటికి ఉండి, ఏటా నడిచేలా చూడటమే మనకు చేతకావడం లేదు.

జబ్బు వచ్చిందని తెలుసుకోవడం కూడా ఖర్చే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాకే నీళ్ల పైపుల మీద అందరి చూపు పడింది. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో నెలల తరబడి వరుసగా మనుషులు పోయాక గానీ మట్టి, నీళ్లలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియోయిడోసిస్ అన్న జబ్బు మాట బయటికి రాలేదు. ఆశ్చర్యం ఎందుకు? 2020 లెక్కల ప్రకారం దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాళ్లు దేనివల్ల పోయారో రికార్డు లేదు. ఎవరు దేనివల్ల పోతున్నారో తెలియని జిల్లాలో అసాధారణమైన చావును గుర్తుపట్టేదెవరు?

ఈ విషయంలో మనకో చరిత్ర ఉంది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలో భాగమే. నీళ్లు, మురుగు, అంటువ్యాధుల మీద అధికారికి అధికారాలిచ్చిన చట్టం అది. తమిళనాడు ఆ వారసత్వాన్ని నిలబెట్టుకుంది, ప్రజారోగ్యానికి ప్రత్యేకమైన అధికారుల కేడర్‌ను కాపాడుకుంది. 1994లో మందుల కొనుగోలుకు కార్పొరేషన్ పెట్టి, ఆస్పత్రులకు పాస్‌బుక్కులిచ్చి, వాడకాన్ని బట్టి సరఫరా చేసే పద్ధతి తెచ్చింది. మన దగ్గరా కార్పొరేషన్లున్నాయి. జిల్లా వైద్యాధికారి మాత్రం వీఐపీ పర్యటన దగ్గర్నుంచి కోర్టు కేసుల దాకా అన్నీ మోసే మనిషి. నీటి శాంపిళ్లు చూసే తీరిక అతనికెక్కడిది?

థాయ్‌లాండ్ 2001-02లో, ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్‌లు (అక్కడి డబ్బు) కడితే చాలనే పథకం తెచ్చినప్పుడు అదీ సంపన్న దేశం కాదు. కానీ అంతకు ముందే జిల్లాల్లో ఆస్పత్రులు కట్టి, పల్లెలకు నర్సుల్ని, డాక్టర్లను పంపి ఉంచింది. ఓపీని, మందుల్ని మొదటి రోజు నుంచే పథకంలో కలిపింది. మనం పైనుంచి కట్టుకుంటూ వస్తున్నాం. జిల్లాకో మెడికల్ కాలేజీ అంటున్నాం, వాటికి ప్రొఫెసర్ల కోసం వెతుకుతున్నాం.

ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలని 2017 విధానమూ చెప్పింది, పదిహేనో ఆర్థిక సంఘమూ చెప్పింది. ఆ వాటా ఇప్పటికీ అందలేదు. దాని కోసం ఆరోగ్యశ్రీని కోయక్కర్లేదు. పరిమితిని మళ్లీ పెంచే ముందు రెండు ప్రభుత్వాలూ ఆస్పత్రులకు ఎంత బాకీ ఉన్నాయో ప్రతి నెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాని పక్కనే ఏ పీహెచ్‌సీలో బీపీ మాత్ర ఆమ్లోడిపిన్, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎన్ని రోజులు లేవో, ఏ ల్యాబ్‌లో టెక్నీషియన్ పోస్టు ఎన్ని నెలలుగా ఖాళీగా ఉందో పెట్టాలి. ఈ సమాచారమంతా ఎలాగూ కార్పొరేషన్ల కంప్యూటర్లలో, జిల్లా వైద్యాధికారుల (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుల్లో ఉంటుంది. బయటపెట్టడానికి కొత్త నిధులు అక్కర్లేదు. అది చూశాక, వచ్చే బడ్జెట్‌లో అదనంగా దొరికే ప్రతి వంద కోట్లూ ముందుగా ఎక్కడికి వెళ్లాలో శాసనసభలో అడగడం ప్రతిపక్షానికీ కష్టం కాదు.