ఆ ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నాను

సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణ రంగంలో ఇచ్చే సర్టిఫికెట్) లెవెల్ 1 పరీక్ష రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రమే నేను వాడిన కోచింగ్ కోర్సుకి ఐదు స్టార్లు ఇచ్చి, చాంతాడంత రివ్యూ రాశాను. "కళ్లు మూసుకుని కొనేయండి" అన్నాను. ఆ మాట నమ్మి నా స్నేహితుడొకడు నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాడు. రెండుసార్లు ఫెయిలయ్యాడు.

వాడు నన్నేమీ తిట్టలేదు. రెండోసారి కూడా పోయాక నా పాత రివ్యూ ఫోన్‌లో తెరిచి నా ముందు పెట్టి ఒక్క మాటన్నాడు: "ఇందులో నువ్వు రాసింది నీ గురించిరా, కోర్సు గురించి కాదు."

మళ్లీ చదివాను. నిజమే. "మూడు నెలల్లో సిలబస్ అయిపోయింది" అని గొప్పగా రాసుకున్నాను. అప్పటికి ఐదేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నానన్న సంగతి రాయలేదు. "ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ల పాఠాలు అద్భుతం" అన్నాను. ఎందుకనిపించవు, సగం నాకు ముందే తెలుసు! వాడు ఇంజనీరు. ఏది డెబిట్టో ఏది క్రెడిట్టో తెలియకుండా మొదలుపెట్టినవాడు. డిఫర్డ్ ట్యాక్స్ (ఇప్పుడు కాక తర్వాత పడే పన్నుల లెక్క) చెబుతూ ఆ లెక్చరర్ "ఇది మీకు తెలిసిందే కదా" అని దాటేసిన ప్రతి చోటా నాకు హాయిగా ఉంది, వాడు మాత్రం అక్కడే బోర్లా పడ్డాడు. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. చివరి నెలంతా ఆ వీడియోల జోలికే పోకుండా, పరీక్ష పెట్టే సంస్థ ఇచ్చే ప్రాక్టీస్ ప్రశ్నలూ మాక్‌లూ (నమూనా పరీక్షలు) మాత్రమే చేశాను. అదీ రాయలేదు. క్రెడిట్ మొత్తం కోర్సు ఖాతాలో వేసేశాను. సొమ్మొకడిది, సోకొకడిది.

అప్పట్నుంచి ప్రొఫెషనల్ పరీక్షల కోచింగ్ రివ్యూలు చూస్తే ఒళ్లు మండుతుంది. నాదానితో సహా. అందుకే ఈ పోస్ట్.

అసలు రివ్యూలు రాసేదెవరు? పాసైన సంబరంలో ఉన్నవాళ్లు, ఫెయిలైన కోపంలో ఉన్నవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లు నోరెత్తరు. ప్రాచీన గ్రీసులో డయాగరస్ అని ఒక నాస్తికుడుండేవాడు. తుఫానులో చిక్కి, దేవుళ్లకి మొక్కుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు గుడికి సమర్పించిన చిత్రాలన్నీ చూపించి "ఇప్పుడేమంటావ్?" అన్నారట ఎవరో. "మునిగిపోయినవాళ్ల బొమ్మలేవి?" అన్నాడట. రోమన్ వక్త సిసిరో చెప్పిన కథ ఇది. కోర్సుల వాళ్ల "మా విజేతలు" పేజీ చూసినప్పుడల్లా నాకు ఆ గుడి గోడే కనిపిస్తుంది.

ఇక పాస్ రేటు. "మా దగ్గర 90 శాతం పాస్!" ఎంతమందిలో 90 శాతం? ఒక లెక్క ఊహించుకోండి. 1000 మంది చేరారు. 400 మంది కోర్సు పూర్తి చేశారు. పరీక్షయ్యాక పంపిన సర్వేకి వాళ్లలో 300 మంది జవాబిచ్చారు. 270 మంది పాసయ్యామన్నారు. 270ని 300తో భాగిస్తే 90 శాతం, ఎక్కడా అబద్ధం లేదు. 1000తో భాగిస్తే 27. మిగతావాళ్లలోనూ కొందరు పాసయ్యే ఉంటారు, కానీ ఎంతమందో ఆ కోర్సువాళ్లకే తెలియదు. కాబట్టి పాస్ రేటు చెప్పినవాళ్లని మనం అడగాల్సింది: చేరినవాళ్లలోనా, పూర్తి చేసినవాళ్లలోనా, మీ సర్వేకి జవాబిచ్చినవాళ్లలోనా? నేను ముగ్గుర్ని అడిగాను. ఒకరు సూటిగా చెప్పారు, ఒకరు బ్రోషర్ పంపారు, ఇంకొకరు డిస్కౌంట్ ఇస్తామన్నారు.

ఏ పేపరన్నది ఇంకో చిక్కు. బ్రిటన్‌కి చెందిన అకౌంటెంట్ల సంస్థ ఏసీసీఏ తన పరీక్షల ప్రతి సెషన్ తర్వాత పేపర్ల వారీగా పాస్ శాతాలు ప్రకటిస్తుంది. బిజినెస్ అండ్ టెక్నాలజీ లాంటి మొదటి మెట్టు పేపర్లో 80 శాతం పైనే పాసవుతుంటారు. అడ్వాన్స్‌డ్ ఆడిట్ లాంటి చివరి మెట్టులో 40కి అటూ ఇటూనే. మరి "మా విద్యార్థుల్లో 75 శాతం పాస్" అంటే మొదటి పేపర్లో అయితే అందరికంటే వెనకబడ్డట్టు, చివరి పేపర్లో అయితే దుమ్ము రేపినట్టు. ప్రాజెక్ట్ మేనేజర్లు రాసే పీఎంపీ సంగతి మరీ విచిత్రం. ఆ పరీక్ష పెట్టే పీఎంఐ పాస్ శాతాన్నే బయటపెట్టదు. అక్కడ ఎవరైనా "98 శాతం" అని ప్రకటనలో వేస్తే దాన్ని దేనితో పోల్చుకోవాలి?

ఏ ఏడాది, ఏ నెలలో పరీక్ష రాశారన్నది కూడా రివ్యూలో తప్పకుండా ఉండాలి. సీఎఫ్ఏ లెవెల్ 1లో 2020 డిసెంబర్‌లో 49 శాతం పాసయ్యారు. 2021 జులైలో 22 శాతం. ఏడు నెలల్లో ప్రపంచంలోని కోర్సులన్నీ సగానికి సగం చెడిపోయాయా? కోవిడ్‌తో పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి, అభ్యర్థుల ప్రిపరేషన్ చెదిరిపోయింది. డిసెంబర్‌లో పాసైనవాడి ఐదు స్టార్లూ జులైలో ఫెయిలైనవాడి ఒక్క స్టారూ ఒకే కోర్సు కింద పక్కపక్కనే పడి ఉంటాయి. మనమేమో వాటి సగటు తీసి మూడు స్టార్ల కోర్సు అనుకుంటాం.

ఈ సగటు ఎంత మోసం చేయగలదో ఇంకో లెక్కలో చూడండి. ఇదీ ఊహే. మొదటి కోర్సులో 80 మంది ఫస్ట్ అటెంప్ట్ వాళ్లు, 56 మంది పాస్, అంటే 70 శాతం. రిపీటర్లు 20 మంది, 6 మంది పాస్, 30 శాతం. మొత్తం 62 శాతం. రెండో కోర్సులో ఫస్ట్ అటెంప్ట్ వాళ్లు 20 మందే, 15 మంది పాస్, 75 శాతం. రిపీటర్లు 80 మంది, 32 మంది పాస్, 40 శాతం. మొత్తం 47. పోస్టర్ మీద 62కీ 47కీ పోటీ పెడితే మొదటిదే గెలుస్తుంది. కానీ మీరు ఫస్ట్ అటెంప్ట్ అయినా, రిపీటర్ అయినా మీకు మేలైనది రెండో కోర్సే. కష్టమైన కేసులు ఎక్కువ తీసుకున్న పాపానికి దానికి చెడ్డపేరు.

రిపీటర్ల రివ్యూల్లో ఇంకో తమాషా ఉంటుంది. "మొదటి కోర్సుతో ఫెయిల్, రెండోదానితో పాస్, కాబట్టి రెండోదే బెస్ట్." ఆగండి బాబూ. రెండోది మొదలుపెట్టేసరికి మీరు సిలబస్ ఒకసారి చదివేశారు, పరీక్ష హాల్ చూసేశారు, ఎక్కడ తడబడ్డారో మీకు తెలుసు. పునాది ఒకరు వేస్తే పైకప్పు వేసినవాడికి దండలు వేస్తున్నారు. ఇక ఒక్క కోర్సే వాడి "అన్నిటికంటే ఇదే బెస్ట్" అనేవాళ్ల గురించి, అంటే నాలాంటివాళ్ల గురించి, ఏం చెప్పను. ఊరు దాటనివాడు ఇంతకంటే అందమైన ఊరు లేదన్నట్టు.

కమిషన్ల మాట అందరికీ తెలిసిందే, రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తా. రివ్యూ కింద డిస్కౌంట్ కోడ్ ఉంటే, ఆ కోడ్ వాడితే రాసినవాళ్లకేమైనా వస్తుందా అన్నది మొదటి లైన్లోనే ఉండాలి. కమిషన్ తీసుకుంటూ నిజాయితీగా రాసేవాళ్లూ ఉన్నారు. వాళ్లని గుర్తుపట్టడం తేలిక: ఈ కోర్సు ఎవరు కొనకూడదో కూడా రాస్తారు.

ఇప్పుడు నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయానికొస్తా. దాదాపు ప్రతి రివ్యూలోనూ ఉండే మాట, "సార్ చాలా క్లియర్‌గా చెబుతారు." నేనూ రాశాను. క్లియర్‌గా చెప్పడం మంచిదే, కానీ పాఠం వింటున్నప్పుడు అర్థమవడం వేరు, పరీక్షలో గుర్తుకు రావడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొంతమంది విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొంతమంది చేత చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. తమకి బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ! 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనూ ఇలాంటిదే తేలింది. విద్యార్థుల చేత లెక్కలు చేయించిన క్లాసులో నేర్చుకున్నది ఎక్కువ, కానీ చక్కటి లెక్చర్ విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు.

అంటే మనకి హాయిగా అనిపించిన కోర్సుకి స్టార్లు ఎక్కువ పడతాయి. మన చేత కుస్తీ పట్టించిన కోర్సుని "కన్ఫ్యూజింగ్" అంటాం. క్లాసవగానే రాసిన రివ్యూ నేను ఇక నమ్మను.

అందుకే ఈ మధ్య ఆఫీసులో ఒకరికి కోర్సు ఎంచడంలో సాయం చేస్తూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆవిడకి బాగా భయమున్న టాపిక్ ఒకటి తీసుకున్నాం. మూడు కోర్సుల్లో ఉచితంగా దొరికే పాఠాల్లో ఆ టాపిక్ ఉందో లేదో చూశాం. రెంట్లో ఉంది. మూడోవాళ్లు అడిగితే ఇచ్చారు. వారానికొక కోర్సు పాఠం. విన్న రోజు ప్రశ్నలేమీ చేయకూడదు. రెండు రోజులాగి 15 ప్రశ్నలు, అవి కూడా ఆ కోర్సువి కాకుండా పరీక్ష సంస్థ ఇచ్చినవి. ఒకే టాపిక్ మూడుసార్లు వింటే మూడోదానికి లాభం కదా అంటారు. నిజమే, అందుకే మొదటి రెండు వారాల మార్కులకే ఎక్కువ విలువిచ్చి, ఇంకో టాపిక్‌తో వరస తిప్పి మళ్లీ చేశాం. ఇదేమీ శాస్త్రీయ పరిశోధన కాదు. కానీ వెయ్యి స్టార్లకంటే ఆవిడకి ఎక్కువ పనికొచ్చింది. ఆవిడకి అందరికంటే బోరింగ్‌గా అనిపించిన లెక్చరర్ దగ్గరే మార్కులు ఎక్కువొచ్చాయి.

డౌట్ల సంగతి కూడా అలాగే చూశాం. ఒకే ప్రశ్న ముగ్గురికీ ఒకే రోజు పంపి, ఎప్పుడు జవాబొచ్చింది, విషయం తెలిసినవాళ్లు రాశారా లేక పాఠంలోని పేరానే కాపీ కొట్టి పంపారా అని రాసుకున్నాం.

క్వశ్చన్ బ్యాంకుల విషయంలో సంఖ్య చూసి మోసపోకండి. "5000 ప్రశ్నలు" అంటే అంకెలు మార్చిన 800 ప్రశ్నలు కావచ్చు. తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో వివరించారా చూడండి. నేను రాసిన లెవెల్ 1లో 180 ప్రశ్నలు, 135 నిమిషాల చొప్పున రెండు సెషన్లు, ప్రశ్నకి 90 సెకన్లు. ఎథిక్స్‌కి 15 నుంచి 20 శాతం వెయిటేజీ. మాక్‌లో ఆ టైమింగూ ఆ నిష్పత్తీ లేకపోతే దాన్ని మాక్ అనడం దండగ. ఇంకోటి, మాక్‌లో వచ్చిన మార్కుల్ని అసలు మార్కులతో పోల్చి "వీళ్ల మాక్ చాలా టఫ్" అని తీర్పు చెప్పేవాళ్లు. అమెరికాలో అకౌంటెంట్ల లైసెన్సు కోసం రాసే సీపీఏ పరీక్షలో పాస్ స్కోరు 75 అంటే 75 శాతం సరైన జవాబులని కాదు, అదొక వేరే స్కేల్. మాక్‌లో 68 శాతం, పరీక్షలో 82 వస్తే ఆ రెండు అంకెలకీ చుట్టరికం లేదు.

తేదీలు చూడండి. 2021 జనవరిలో పీఎంపీ పరీక్ష మారిపోయింది, సగం దాకా అజైల్ (పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుంటూ పోవడం), హైబ్రిడ్ (పాత పద్ధతినీ దాన్నీ కలపడం) పద్ధతుల ప్రశ్నలొచ్చాయి. 2024 జనవరిలో సీపీఏలో బీఈసీ అనే పేపరే ఎత్తేసి, మూడు కోర్ పేపర్లు, నచ్చిన విభాగంలో ఒక పేపరు అన్నారు. ఆ తేదీలకి ముందు రాసిన రివ్యూలు ఇప్పుడు లేని పరీక్ష గురించినవి. అయినా స్టార్లు మాత్రం అక్కడే కూర్చుని సగటులో కలుస్తూనే ఉంటాయి.

"పాస్ గ్యారంటీ" షరతులు చదవండి. చాలావాటిలో డబ్బు వెనక్కి రాదు, అదే కోర్సు మళ్లీ చూసుకోవచ్చంతే.

కోర్సుల వైపు నుంచీ ఒక మాట. వీడియోల్లో 30 శాతం చూసి, మాక్ ఒక్కటీ రాయకుండా ఫెయిలై, ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లని చూస్తే కోర్సు నడిపేవాళ్ల మీద జాలేస్తుంది. మెటీరియల్లో దొర్లిన తప్పుల పట్టిక పెట్టారని "బోలెడు తప్పులు" అని రాస్తారు. తప్పుల్లేని మెటీరియల్ ఉండదు. పట్టిక పెట్టినవాళ్లు కనీసం చూసుకుంటున్నారు.

నా పాత రివ్యూ నిన్న మార్చాను. స్టార్లు తీసేయడానికి వీల్లేదంది ఆ సైటు, మూడు చేశాను. కొత్తది ఇలా మొదలవుతుంది: "నాకు ఐదేళ్ల అకౌంట్స్ అనుభవం ఉంది. మొదటి అటెంప్ట్. ఇంకే కోర్సూ వాడలేదు, కాబట్టి పోల్చలేను. వీడియోలు 70 శాతం చూశాను. చివరి నెల ఇది వాడలేదు. అకౌంటింగ్ తెలియనివాళ్లు డెమోలో డిఫర్డ్ ట్యాక్స్ పాఠం చూసి, రెండు రోజులాగి ప్రశ్నలు చేసి, అప్పుడు నిర్ణయించుకోండి."

లింక్ మా వాడికి పంపాను. చదివి, "వీడియోలు 70 శాతమే చూశావా? నేను మొత్తం చూశాను కదరా" అన్నాడు.