ఒక వేరు, రెండు ఉత్తరాలు, మన స్కాలర్‌షిప్ ఫారం

పోయిన చలికాలం మా బాబాయి గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు నెలలున్నారు. గుండెలో వాల్వు మార్పించుకున్న మనిషి, రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. మూడో నెలలో రక్తపరీక్ష చేయిస్తే, ఆ మందు ఎంత పని చేస్తోందో చెప్పే ఐఎన్ఆర్ అంకె ఉండాల్సినదానికన్నా బాగా కిందికి దిగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడుతున్నదాన్ని, ఆకుకూరలు ఆ మందుకు అడ్డం పడతాయి కాబట్టి నేను పెట్టిన గోంగూర పప్పే కొంప ముంచిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే సంగతి వేరు. వాకింగ్‌లో పరిచయమైన ఒక చైనా పెద్దాయన ప్రేమగా ఇచ్చిన, చైనావాళ్లు మందుగా వాడే జిన్సెంగ్ వేరు ముక్కల్ని బాబాయి రోజూ వేడినీళ్లలో వేసుకుని తాగుతున్నారు. అడిగితే, "టీ తాగినా తప్పేనా అమ్మా?" అన్నారు.

అది మందే మరి. అమెరికన్ జిన్సెంగ్ వార్ఫరిన్ పనిని తగ్గిస్తుందని 2004లో చికాగో పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి చూపించారు. అంతకుముందు 2000లో టొరంటో వాళ్లు, ఆ వేరు 3 గ్రాములు తీసుకున్నాక గ్లూకోజ్ తాగితే షుగర్ అంతగా పెరగడం లేదని రాశారు. షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ లేని పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎందరున్నారు? అందుకే "మొక్క మందే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట నా దగ్గర చెల్లదు.

ఈ గొడవంతా ఫోన్లో చెబితే మా మేనకోడలు నవ్వింది. "అత్తా, ఆ వేరు మనముండే ఈ ఉత్తర అమెరికా ఖండంలో ఉండొచ్చని చైనాలో కూర్చున్న ఒక పాదరీ ఊహించి చెప్పాడు, తెలుసా?" అంది. తను బయాలజీ చదివి, పీహెచ్‌డీకి మాత్రం పర్యావరణ చరిత్ర తీసుకుంది. మా అన్నయ్య, వదిన ఆ దిగులు నుంచి ఇంకా తేరుకోలేదు.

తను చెప్పాక ఆ కథేమిటో నేనే చదువుకున్నాను. చైనా చక్రవర్తి కాంగ్షీ తన రాజ్యానికి పటాలు గీయించే పనిలో జెసూట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన ఫ్రెంచి పాదరీలను పెట్టుకున్నాడు. వాళ్లలో పియర్ జార్తూ అనే ఆయన 1709లో కొరియా సరిహద్దు దగ్గరి ఒక ఊళ్లో దిగినప్పుడు, అప్పుడే తవ్విన జిన్సెంగ్ తెచ్చి చూపించారు. ఆయన మొక్క బొమ్మ వేసుకుని, సగం వేరు పచ్చిగానే తిని, గంట తర్వాత తన నాడి తనే చూసుకున్నాడు. నాడి బలంగా ఉంది, ఆకలి పుట్టింది. కానీ ఆ రోజు విశ్రాంతి దొరికింది కాబట్టి దాని వల్లేనేమో అని తనే అనుమానించాడు. నాలుగు రోజుల తర్వాత గుర్రం మీద కూర్చోలేనంతగా అలిసిపోయినప్పుడు ఇంకో సగం తిన్నాడు. గంటలో అలసట తెలియకుండా పోయిందట. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షను ఈ రోజుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయినా, మొదటి ఫలితాన్ని తనే నమ్మకపోవడం దగ్గర నాకు ఆయన నచ్చాడు. మా కౌంటర్ దగ్గరకు వచ్చేవాళ్లలో ఆపాటి అనుమానం ఉన్నవాళ్లు తక్కువ.

1711లో ఇదంతా ఉత్తరంగా రాస్తూ ఆయన ఒక మాట చేర్చాడు. ఈ మొక్క ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే అది కెనడాలోనే ఉండొచ్చు, అక్కడి అడవులూ కొండలూ ఇలాగే ఉంటాయని విన్నాను అని. ఆయన కెనడా చూసింది లేదు.

ఆ ఉత్తరం అచ్చయి, 1715లో క్యుబెక్‌లో జోసెఫ్ లఫితో అనే మరో జెసూట్ చేతికి వచ్చింది. ఆయన మాంట్రియల్ దగ్గర మోహాక్ అనే స్థానిక తెగ జనం ఉండే ఊళ్లో పని చేసేవాడు. మూడు నెలలు వెతికాడు. చివరికి 1716లో, తన కోసం కడుతున్న ఇంటి పక్కనే, ఎర్రటి పళ్లతో, ఆ మొక్కకు దగ్గరి చుట్టమైన అమెరికన్ జిన్సెంగ్ కనిపించింది. పీక్కుని వెళ్లి ఒక మోహాక్ స్త్రీకి చూపిస్తే, ఇది మేం మామూలుగా వాడే మందే కదా అన్నట్టు ఆమె ఇట్టే గుర్తుపట్టింది. కనిపెట్టిన ఖ్యాతి లఫితోకి దక్కింది. 1718లో ఆయన దీని మీద ఒక పుస్తకమే వేశాడు. ఆమె పేరు మాత్రం ఎక్కడా కనబడదు.

తర్వాతది పర్యావరణం కథ. జిన్సెంగ్ మాంట్రియల్ నుంచి ఫ్రాన్స్ మీదుగా చైనాకు ఎగుమతి కావడం మొదలైంది. 1749లో అటువైపు వెళ్లిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త పీటర్ కామ్, ఒకప్పుడు మాంట్రియల్ చుట్టుపక్కల విరివిగా దొరికిన మొక్క ఇప్పుడు వెతికినా కనిపించడం లేదని రాశాడు. 1750ల మొదట్లో ధర ఎగబాకేసరికి జనం వేళ కాని వేళ తవ్వి, నిదానంగా ఆరబెట్టాల్సిన వేళ్లను పొయ్యిల్లో పెట్టి మాడ్చి పంపారు. చైనా వర్తకులు వద్దన్నారు, వ్యాపారం కుప్పకూలింది. వేట మాత్రం ఆగలేదు, దక్షిణంగా అపలాచియన్ కొండల్లోకి జరిగింది. 1784లో అమెరికా నుంచి చైనాకు వెళ్లిన మొదటి వర్తక నౌకలో ముఖ్యమైన సరుకు ఈ వేరే, దాదాపు 30 టన్నులు. 1975 నుంచి దీని ఎగుమతి అంతర్జాతీయ ఒప్పందం కిందకి వచ్చింది. ఇప్పుడు అమెరికా నుంచి అడవి జిన్సెంగ్‌ను ఎగుమతి చేయాలంటే కనీసం అయిదేళ్ల మొక్క అయి ఉండాలి.

వెస్ట్ వర్జీనియాలో జేమ్స్ మెక్‌గ్రా అనే శాస్త్రవేత్త, పాతకాలంలో ఎండబెట్టి కాగితాలకు అంటించి దాచిన జిన్సెంగ్ నమూనాలను కొలిచి చూశాడు. కాలం గడిచేకొద్దీ మొక్కలు పొట్టివవుతున్నాయని 2001లో రాశాడు. పెద్దవాటినే ఏరి తవ్వుకుపోతుంటే మిగిలేవి పొట్టివే కదా. మన పెరళ్లలోకి వచ్చి గులాబీ మొగ్గలు మేసి పోయే జింకలు కూడా ఈ మొక్కకు గండమేనని 2005లో ఆయనా, ఆయన సహచరురాలూ లెక్కగట్టి చూపించారు.

ఇప్పుడు చెప్పండి, ఈ వేరు ఏ డిపార్ట్‌మెంటుకు చెందుతుంది? బాబాయి రక్తపరీక్ష వైద్యం. జింకలు పర్యావరణ శాస్త్రం. ఇది ఎక్కడ ఎంత ఉండేదో, ఎవరు వాడేవారో, ఎప్పుడు తరిగిపోయిందో తెలియాలంటే పాదరీల ఉత్తరాలు తిరగెయ్యాల్సిందే. మా మేనకోడలు చేస్తున్నది సరిగ్గా ఈ పనే. తను మన తెలుగు సంఘం స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడదామనుకుంటే ఫారంలో మెడిసిన్, ఇంజినీరింగ్, కంప్యూటర్స్, బిజినెస్ అని నాలుగు గడులే ఉన్నాయి. "ఇతరములు" అనే గడి కూడా లేదు. ఫోన్ చేస్తే, "హిస్టరీకి మనం ఇవ్వమమ్మా" అన్నారట.

ఉగాది ఫంక్షన్‌లో నేనీ సంగతి ఎత్తితే ఒక పెద్దాయన, మతం మార్చడానికి వచ్చినవాళ్ల రాతలు మనకెందుకమ్మా అన్నారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. వాళ్లు వచ్చింది అందుకే. పైగా ఆ ఉత్తరాలు పారిస్‌లో ఏరి, కత్తిరించి, మిషన్‌కు డబ్బు ఇచ్చేవాళ్లకు నచ్చేలా అచ్చువేసినవి. కానీ వాటిలో మన ఊళ్ల మాటలూ ఉన్నాయి. 1732లో మన దేశానికి వచ్చి తెలుగు నేర్చుకున్న జెసూట్ కూర్దూ, 1742లో కోరమాండల్ అద్దకం గురించి వివరంగా ఉత్తరం రాశాడు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టడం దగ్గర్నుంచి చిరివేరుతో ఎరుపు తేల్చడం దాకా. కొత్తగా తన మతంలో చేరిన అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్న సంగతులవి. ఈనాటికీ కాళహస్తిలో కలంకారీ మొదలయ్యేది ఆ కరక్కాయ, పాలతోనే. 1693లో కాంగ్షీకి జ్వరం వస్తే పాదరీలు ఇచ్చిన పెరూ సింకోనా బెరడు వాళ్లకు అందింది పుదుచ్చేరి నుంచి. 1730 ప్రాంతాల్లో మన వైపు నుంచి కొనుక్కెళ్లిన రాతప్రతులు పారిస్‌లో ఉన్నాయి. ఇలాంటి రాతల్ని అనుమానంతో, రాయని సంగతిని కూడా పట్టుకుంటూ చదవగల మనిషి కావాలి. తెలుగూ ఫ్రెంచీ చరిత్రా వచ్చి, మొక్కను చూస్తే గుర్తుపట్టగల మనిషి. అలాంటి పిల్లలు మన ఇళ్లలో పుట్టకపోతే ఇంకెక్కడ పుడతారు? పుట్టినవాళ్లకు మనం ఫారంలో గడి కూడా పెట్టలేదు.

కొత్తగా ఫండ్ పెట్టమని నేను అడగడం లేదు. ఉన్న స్కాలర్‌షిప్‌లలో ఒక్కటి, రెండు మూడు శాస్త్రాలను కలిపి చేసే పరిశోధనకు తెరవండి. దరఖాస్తులు చూసే కమిటీలో ఒక్క చరిత్ర టీచర్‌ను కూర్చోబెట్టండి, నాకు తెలిసి ఈ ఊళ్లోనే ఇద్దరున్నారు. వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ మాటే అడగబోతున్నాను. లంచ్‌కి ముందే అడుగుతాను. తర్వాతైతే హాల్లో కుర్చీలు మడతపెట్టేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.