మీ పడకగదితో ప్రభుత్వానికి పనిలేదట!

వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: పెళ్ళి మీద, ప్రేమ మీద ప్రభుత్వం నిఘా పెట్టే నవలలన్నీ భయపెట్టడానికి అల్లిన కట్టుకథలు, కెమెరాల గురించి అతిగా ఊహించుకున్నవి. తప్పు చేయనివాళ్ళకి భయమెందుకు? పెళ్ళికి నమోదు, నోటీసు అన్నీ ఆడపిల్లల రక్షణకే. ఈ విదేశీ భయాలు మనకి అంటగట్టకండి.

ముందు ఆ కట్టుకథల మాట చూద్దాం. జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవలలో దేశాన్ని ఏలే పార్టీ సభ్యుల పెళ్ళికి ఒక కమిటీ ఒప్పుకోవాలి, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి మోజు ఉన్నట్టు కనిపిస్తే ఒప్పుకోదు. ఆ పుస్తకం 1949లో వచ్చింది. సరిగ్గా అదే ఏడాది దక్షిణాఫ్రికా ప్రభుత్వం, తెల్లవాళ్ళు ఇతర జాతులవాళ్ళని పెళ్ళాడకూడదని చట్టం చేసింది, అది 1985 దాకా నడిచింది. ఇక రుమేనియాలో 1966లో ఆ దేశపు నియంత చౌషెస్కు 770వ డిక్రీతో అబార్షన్‌ని దాదాపు నిషేధించాడు. 1980ల్లో ఆడవాళ్ళు పనిచేసే చోటికే డాక్టర్లని పంపి పరీక్షలు చేయించారు. కడుపు వచ్చిందా, వచ్చింది ఏమైంది అని ఆరా తీయడానికి. షిఫ్టు మధ్యలో మిషన్ ఆపేసి, పక్కనున్న వాళ్ళంతా చూస్తుండగా ఆ పరీక్షకి లైన్లో నిలబడాల్సి వచ్చిన ఆడమనిషికి వెళ్ళి చెప్పండి, ప్రభుత్వానికి నీ పడకగదితో పనిలేదని.

కెమెరాలు అసలు విషయమే కాదు. ఆ నవలలో పార్సన్స్ అనే పొరుగాయన్ని పట్టించింది ఇంట్లో నిఘా కోసం పెట్టిన తెర కాదు, ఏడేళ్ళ కూతురు. నిద్రలో ఆయన కలవరించిన మాటలు తాళం కన్నం దగ్గర చెవి పెట్టి విని పోలీసులకి చెప్పింది. ఇంట్లో మనిషినే కళ్ళూ చెవులూ చేసుకోవడం, నిఘా అంటే ఇదీ. తూర్పు జర్మనీలో హక్కుల కోసం పోరాడిన వేరా వోలెన్‌బెర్గర్ బెర్లిన్ గోడ కూలిన తర్వాత అక్కడి రహస్య పోలీసుల, అంటే స్టాసీ, ఫైళ్ళు బయటపడ్డాక తెలుసుకున్నదేమిటంటే, తన మీద ‘డోనాల్డ్’ అనే మారుపేరుతో కబుర్లు చేరవేసింది తన భర్తేనని. పిల్లల్ని కన్నాడు, ఒకే కంచం దగ్గర కూర్చున్నాడు, రిపోర్టులు ఇచ్చాడు. ఇది చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు చేయనివాళ్ళకి భయమెందుకు అనే మాటకి నా జవాబు ఒక నోటీసు బోర్డు. స్నేహితుడి పెళ్ళికి సాక్షి సంతకం చేద్దామని ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాను. ప్రత్యేక వివాహ చట్టం, 1954 ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని అందరికీ కనబడేలా అంటించాలి, 30 రోజులు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. బోర్డు మీద నోటీసు ఇచ్చిన జంటల పేర్లు, వయసులు, డోర్ నంబరుతో సహా అడ్రసులు. నా ముందే ఒకాయన ఫోన్ తీసి ఆ కాగితాలన్నీ వరసగా ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎవరో, ఎందుకో తెలీదు. ఆ నెల్లాళ్ళూ మావాడు ఇంటికి వెళ్ళలేదు. వాడు చేసిన తప్పేంటి, వేరే కులం అమ్మాయిని ఇష్టపడటమా? 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్ళి చేసుకున్న కుర్రాణ్ణి గర్భంతో ఉన్న భార్య కళ్ళముందే నరికి చంపారు. సుపారీ ఇచ్చాడని పోలీసులు కేసు పెట్టింది అమ్మాయి తండ్రి మీదే. ఇలాంటి చోట అడ్రసు గోడకి అంటించడం ఎవరి రక్షణకి? అలహాబాద్ హైకోర్టు 2021లో ఆ నోటీసు ప్రచురణ జంట ఇష్టానికే వదిలేయాలని చెప్పింది, చట్టంలో మాత్రం ఆ సెక్షన్లు అలాగే ఉన్నాయి.

నమోదుతో రక్షణ ఉందన్నది నిజమే, కాదనను. పెళ్ళి అయ్యాక నమోదు చేస్తే బాల్యవివాహం బయటపడుతుంది, వదిలేసి విదేశం పోయినవాడి మీద కేసు నిలబడుతుంది. కానీ అయిన పెళ్ళిని రాసుకోవడం వేరు, కలిసి ఉండటానికి ముందు కబురు చెప్పించుకోవడం వేరు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం చూడండి. పెళ్ళి కాకుండా కలిసి ఉంటే నెలలోపు నమోదు చేసుకోవాలి, లేకపోతే మూడు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ వివరాలు లోకల్ పోలీస్ స్టేషన్‌కి వెళ్తాయి. 21 ఏళ్ళ లోపు వాళ్ళయితే తల్లిదండ్రులకి కూడా.

ఇక విదేశీ భయమంటున్నారు కదా. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, విడిగా ఉంటున్న భార్య గానీ భర్త గానీ తిరిగి వచ్చి కాపురం చేయాలని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. మాట వినకపోతే ఆస్తి జప్తు చేయొచ్చు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, సరీత కేసులో, జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌ని కొట్టేశారు. ఎవరితో దగ్గరవ్వాలో, ఎప్పుడు దగ్గరవ్వాలో నిర్ణయించుకునే హక్కుని ఆడమనిషి చేతిలోంచి లాక్కుని రాజ్యం చేతిలో పెడుతోందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది, అంటే 1984లో, సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ తీర్పు చెల్లదంది. 9వ సెక్షన్ మళ్ళీ బతికింది.