కార్డు మారిస్తే రెండర్ ఫొటో అయిపోతుందా?

కంప్యూటర్‌లో భవనాల ఎలివేషన్లు (ముందు వైపు రూపం), త్రీడీ వ్యూలు చేసేవాళ్ల మధ్య ఒక మెసేజ్ కొన్నాళ్లుగా చక్కర్లు కొడుతోంది. త్రీడీ మోడల్ నుంచి ఇలా తీసే బొమ్మనే రెండర్ అంటారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఎక్స్‌టీరియర్ వ్యూ ఫొటోలా రావాలంటే ఖరీదైన ఇంజిన్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. తెల్ల గోడకు పూర్తి తెలుపు, అద్దాలకు నీలం ఇవ్వాలి. నీడలు కత్తితో కోసినట్టు పడాలి. వైడ్ లెన్స్ పెట్టాలి. శాంపిల్స్ ఎంత పెంచితే అంత మంచిది. ఇంకా ఏదైనా వెలితి ఉంటే ఏఐ సరిచేస్తుంది." కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని పాఠంలా దాచుకుంటున్నారు. ఇందులో ఒకటో రెండో సగం నిజాలున్నాయి. మిగతావి పని చెడగొట్టేవే.

ఖరీదైన ఇంజిన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఇంజిన్ అంటే మోడల్ మీద పడే వెలుతురు లెక్కగట్టి బొమ్మ తయారుచేసే సాఫ్ట్‌వేర్. వీ-రే, కరోనా, సైకిల్స్ అని పేర్లు వేరు కానీ లోపల జరిగే పని ఒకటే. ఒక బిందువు నుంచి కంటికి ఎంత కాంతి వస్తుందో తెలియాలంటే దాని మీద అన్ని వైపుల నుంచీ పడే కాంతిని కూడాలి. 1986లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు జేమ్స్ కాజియా దీన్ని రెండరింగ్ సమీకరణంగా రాశాడు. ఈ ఇంజిన్లన్నీ ఆ లెక్కకు వీలైనంత దగ్గరగా వెళ్లాలని చూసేవే. వీటిలో సైకిల్స్ 2011 నుంచి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా దొరుకుతోంది. ఇక పెద్ద కార్డు వల్ల ఒరిగేది వేగం. గంటకు రెండు టెస్టులు చేసేచోట పది చేసుకోవచ్చు, అది చిన్న లాభమేమీ కాదు. కానీ వెలుతురు తప్పుగా పెట్టిన సీను పెద్ద కార్డు మీద కూడా అదే తప్పుతో వస్తుంది, కాకపోతే తొందరగా వస్తుంది.

"తెల్ల గోడకు పూర్తి తెలుపు." అంటే కంప్యూటర్ రంగుల లెక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ గరిష్ఠంగా: 255, 255, 255. పడిన కాంతిలో చుక్క కూడా మింగని గోడ అన్నమాట, అలాంటి గోడ ఎవరూ కట్టలేరు. మంచి తెల్ల పెయింటు కూడా 80, 85 శాతం దగ్గర ఆగిపోతుంది. మామూలు కలర్ పికర్‌లో 231 పెడితే దాదాపు 80 శాతం అవుతుంది. 255 పెట్టిన గోడల మధ్య కాంతి ఎన్నిసార్లు ఎగిరినా తగ్గదు. దాంతో సన్‌షేడ్ కింద, బాల్కనీ మూలల్లో నిలవాల్సిన చీకటి కొట్టుకుపోయి, ఇల్లు థర్మోకోల్ మోడల్‌లా తేలుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌తో, అంటే బొమ్మ మొత్తం వెలుగు స్థాయితో, కుస్తీ మొదలు.

"నీడలు కత్తితో కోసినట్టు." సూర్యుడు చుక్క కాదు. భూమ్మీద నుంచి చూస్తే సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ వేసే వస్తువు నుంచి దూరం పెరిగేకొద్దీ నీడ అంచు మెత్తబడుతుంది, మీటరుకు దాదాపు 9 మిల్లీమీటర్ల చొప్పున. గోడకు జానెడు దూరంలో ఉన్న గ్రిల్ నీడ పదునుగానే ఉంటుంది. పిట్టగోడ నీడ పది మీటర్లు ప్రయాణించి నేలకు చేరేసరికి అంచు 9 సెంటీమీటర్ల మేర కరిగిపోతుంది. ఒకే వ్యూలో ఈ రెండూ కనబడాలి.

నమ్మకం కుదరకపోతే ఎండపూట ఒక పెద్ద చెట్టు కింద నేలను చూడండి. ఆకుల సందులు ఎన్ని వంకరలు తిరిగి ఉన్నా కింద పడే ఎండ మచ్చలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. ప్రతి మచ్చా సూర్యుడి బొమ్మే. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఆ మచ్చలే నెలవంకలైపోతాయి. మీ రెండర్‌లో చెట్టు నీడ చించిన కాగితంలా పడుతోందంటే సూర్యుడి సైజు సున్నాలోనో, దాని దగ్గరలోనో ఉందని అర్థం. నేను సీను తెరిచిన వెంటనే మొదట చూసేది ఈ మచ్చల్నే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాత్రం "అద్దాలకు నీలం" అన్న సలహా. కిటికీ నీలంగా కనబడితే అది ఎదురుగా ఉన్న ఆకాశం రంగు, గాజు రంగు కాదు. మామూలు గాజు పలకను ఎదురుగా నిలబడి చూస్తే 8 శాతం కాంతినే తిప్పికొడుతుంది, 80 డిగ్రీల వాలులో, అంటే బాగా పక్క నుంచి, చూస్తే సగానికి పైనే. 8 శాతం ఏపాటి అనుకోవద్దు. బయట ఎండలో లక్ష లక్స్ (వెలుతురు కొలత) వెలుతురు ఉండగా గదిలో కొన్ని వందలే ఉంటుంది. బయటి వెలుగులో ఆ కాస్త ముక్క చాలు, గదిని మింగేయడానికి. కాబట్టి పగటి వ్యూలో కిటికీ చూపించాల్సింది కెమెరా వెనకాల ఉన్న లోకాన్ని.

మరి మన సీన్లలో కెమెరా వెనకాల ఏముంటుంది? ఖాళీ నేల, దూరాన హెచ్‌డీఆర్‌ఐ, అంటే సీను చుట్టూ ఆకాశంలా చుట్టే ఫొటో. అద్దం బోసిగా వస్తుంది, ఆ బోసితనం కప్పడానికే నీలం పులుముతారు. నేనైతే రెండు డబ్బాల్లాంటి భవనాలు, నాలుగైదు చెట్లు కెమెరా వెనక నిలబెడతాను. ఫ్రేములో వాటి జాడ ఉండదు, అద్దంలో ఉంటుంది. ఆ తర్వాత పలకలన్నీ ఒకే తలంలో లేకుండా ఒక్కోదాన్ని పావు డిగ్రీ అటో ఇటో తిప్పుతాను. నిజం గోడలోనూ అవి అంత సమంగా కూర్చోవు. ఇలా తిప్పితే ప్రతిబింబంలోని చెట్టు కొమ్మ ఒక పలక నుంచి పక్క పలకలోకి వెళ్లేచోట తెగి, కాస్త జరుగుతుంది. ఐదు నిమిషాల పని. నా అనుభవంలో దీనంత ఫలితమిచ్చిన సెట్టింగ్ ఇంకోటి లేదు.

అన్నట్టు, మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ పసుపుగా వెలుగుతున్న వ్యూలు చూస్తుంటాం కదా, వాటి గుట్టు బయటపడేదీ ఇక్కడే. అంత ఎండ ముందు గది దీపాలు కిటికీలో వెలిగినట్టు కనబడవు. పొద్దు గూకాక బయటి వెలుగు దిగి గదిలో దీపాలతో సరిజోడు అయ్యే ఆ కాసేపే రెండూ కలిసి అందంగా కనబడతాయి.

వైడ్ లెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 16 మిల్లీమీటర్లు పెడితే అంచున నిలిపిన కారు లిమోజిన్‌లా సాగుతుంది. 24 నుంచి 35 మధ్య ఉంచి, కెమెరాను కంటి ఎత్తులో, అంటే 1.6 మీటర్ల దగ్గర పెట్టండి. భవనం పైభాగం తెగితే కెమెరా మూతిని పైకి తిప్పకండి, లెన్స్ షిఫ్ట్ (కెమెరా వంచకుండా ఫ్రేమును పైకి జరిపే సెట్టింగ్) వాడండి. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి.

"శాంపిల్స్ ఎంత పెంచితే అంత మంచిది" అనేది సగం నిజం. శాంపిల్స్ అంటే ఒక్కో పిక్సెల్‌కు ఇంజిన్ ఎన్నిసార్లు కాంతి లెక్క వేస్తుందో ఆ సంఖ్య. అవి తక్కువైతే బొమ్మలో కనబడే చుక్కచుక్కల గరుకే నాయిజ్. నాయిజ్ సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి. 500 దగ్గరున్న నాయిజ్‌ను సగం చేయడానికి 2000, అందులో సగానికి 8000. ఒక దశ దాటాక కరెంటు ఖర్చే తప్ప కంటికి తేడా ఆనదు. అలాగని తక్కువ శాంపిల్స్‌తో ఆపి, మిగతాది డీనాయిజర్ (నాయిజ్‌ను తుడిచే టూల్) మీదికి తోస్తే గడ్డి, ఆకులు పచ్చటి ముద్దవుతాయి.

చివరిది, ఏఐ. ఆకాశం మూడ్ ఎలా ఉంటే బాగుంటుందో చూసుకోవడానికి నేనూ వాడతాను. ఒకసారి బద్ధకించి, తయారైన వ్యూనే అందులో వేసి, వచ్చిందాన్ని సరిగ్గా చూడకుండా పంపేశాను. బొమ్మ నిజంగానే మెరిసింది. మర్నాడు ఆర్కిటెక్ట్ ఫోన్ చేసి అడిగింది ఒకటే ప్రశ్న: "రెండో అంతస్తులో మూడు కిటికీలే గీశాను, ఈ నాలుగోది ఎక్కడిదండీ?" రెయిలింగ్ కడ్డీలు కూడా లెక్క తప్పాయని నేను తర్వాత చూసుకున్నాను. ఆయన ఇంకా గమనించలేదు. గమనించేలోపే పాత వ్యూ మళ్లీ పంపేశాను.